మూడో మనిషి చెవికి

నిన్న తన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం విన్న తోటి లెక్చరరు, వయసులో చిన్నావిడ, మవాలే కాలేజీ స్టాఫ్‌రూములో ఎదురుపడగానే పెద్దావిడకు నవ్వొచ్చింది.

"ఏమే, నా పాఠానికి మార్కులెన్ని?"

"అక్కా, నిన్న మీరన్న మాట డీన్ గారితో చెప్పాను."

"ఏ మాట?"

"ఈ ఏడాది పిల్లలు మీ పాఠం అందుకోలేకపోతున్నారన్నారే, అది."

"ఒకరి క్లాసు ఒకరం చూసేది మనలో మనం దిద్దుకోవడానికి కదుటే! మూడో మనిషి చెవిన వేయకూడదనేగా అనుకున్నాం!"

"మీకు సాయంగా ఎవరినైనా వేస్తారనుకున్నా."

పెద్దావిడ నవ్వు ఆగిపోయింది.

"ఆయనేమన్నారు?"

"నన్ను మెచ్చుకున్నారు. మీ కాంట్రాక్టు వచ్చే నెలతో ముగుస్తుంది కదా అన్నారు."

"ఇంకా?"

"మీ క్లాసులన్నీ నేను చెప్పగలనా అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"చెప్పగలనన్నానక్కా. మీకు కాస్త ఊపిరి సలుపుతుందని."