తేమ చూడని లెక్క

అలా మొహం తిప్పుకుంటే ఎలా పటేలా? బస్టాండు నుంచి ఈ కొనుగోలు కేంద్రం దాకా ఎండలో నడిచొచ్చాను. కూర్చోమని కూడా అనవా? సరే, నేనే కూర్చుంటాను. నీ వడ్ల మీద కాదులే, కింద పరిచిన టార్పాలిన్ పట్టా అంచున.

నువ్వు చాయ్ తాగడానికి రాక ఇరవై రెండు రోజులైంది, రాజేశ్వర్. హోటల్ నడిపే వైశాలి రోజూ అడుగుతోంది, "సార్, పటేల్ సాబ్ రాడా ఇగ?" అని. ఏం చెప్పను? ఒంట్లో బాగాలేదన్నాను. నీకు జ్వరం కూడా తెప్పించాను, చూడు!

పేపరు మానలేదు. చదువుతాను. చదివి ఎవరికి చెప్పను? పక్క బెంచీ వాళ్ళంతా ఫోన్లలో తలలు పెట్టుకుంటారు. మొన్న ఓ వార్త చదివి, "ఏమంటావు పటేలా?" అని పైకే అనేశాను. అందరూ నా వంక చూశారు.

నువ్వు కాళ్ళతో వడ్లు తిరగేస్తూనే ఉన్నావు. తిరగెయ్యి. వింటే చాలు.

ఇంతకీ ఆ రోజు మనం దేనికి కొట్టుకున్నాం? గట్టు కోసమా? కాలవ నీళ్ళ కోసమా? గ్రీన్ బాండ్ల కోసం! నవ్వు రావటంలేదా నీకు? సోలార్‌కీ, గాలికరెంటుకీ వాడతామని మాటిచ్చి సర్కార్లూ కంపెనీలూ తీసుకునే అప్పు. ఆ కాయితాలు చైనా ఎన్ని అమ్మింది, అమెరికా ఎన్ని అమ్మింది అని మన తగువు. బాన్సువాడలో ఇద్దరు ముసలాళ్ళకి కావాలా ఇది? నిజామాబాద్‌లో నేను బీకాం చదివేప్పుడు ఓ లెక్చరర్ ఉండేవాడు, బాండు అనే మాట వస్తే చాలు, బోర్డంతా... సర్లే, అది మళ్ళీ చెబుతా.

నేను చైనా పక్షం. నేను ఏదంటే దానికి ఎదురు పక్షం నువ్వు, కాబట్టి అమెరికా నీ వంతు. పేపర్లో పట్టిక చదివి వినిపించాను. చైనా చాలా ముందుంది. నువ్వు చాయ్ కింద పెట్టి ఏమన్నావు? "హరనాథబాబూ, గా రెండు కుప్పలకు తేమ ఒక్కతీరుగ చూసిండ్రా? ఒకటి పచ్చివడ్లు, ఒకటి ఎండినయి అయితే కాంటా ఏం చెప్తది?"

ఇక్కడ తేమ మిషను ముందు ఎన్ని పంటలు నిలబడ్డావు! నీకు కాక ఎవరికి తడుతుంది ఆ ప్రశ్న? తేమ ఉందని తూకంలో తరుగు తియ్యొద్దని నేనూ కొట్లాడినవాణ్ణేగా. అయినా ఏమన్నాను? "ఏడో తరగతి దాటనివాడివి, నీ వడ్ల సంగతి చూసుకో. ఇది ఎకనామిక్స్!" హోటలంతా నవ్వింది. పక్క బెంచీ బాలకృష్ణ బల్ల కొట్టి మరీ నవ్వాడు. నువ్వు లేచి వెళ్ళిపోయావు. కండువా బెంచీ మీదే మర్చిపోయావు. ఇదిగో, తెచ్చాను. ఉతికించాను కూడా.

తీసుకోవా? సరే, ఇక్కడ పెడతాను.

నువ్వన్నదే నిజం పటేలా. ఆ రెండిటికీ ఒకే కొలత కాదు. చైనాది వాళ్ళ సొంత నిబంధన ప్రకారం వేసిన లెక్క. అమెరికాది గట్టి జల్లెడ పట్టిన లెక్క. ఆ జల్లెడే చైనాకీ పడితే చాలా రాలిపోతుంది. కొన్నేళ్ళ కిందటి దాకా, బొగ్గును శుభ్రంగా కాలుస్తామన్న పనులకి కూడా అక్కడ పచ్చముద్ర వేశారట. జల్లెడ పట్టాక కూడా చైనాయే ముందుండొచ్చు, అది వేరే సంగతి... చూశావా, మళ్ళీ గెలవాలని చూస్తున్నాను!

ఇదంతా నాకు తర్వాత తెలిసిందనుకుంటున్నావా? అది చెప్పడానికే వచ్చాను. పట్టిక కింద సన్నటి అక్షరాల్లో రాసే ఉంది. హోటల్‌కి రాకముందే ఇంట్లో చదివాను. నీకు వినిపించేప్పుడు ఆ రెండు లైన్ల మీద బొటనవేలు పెట్టాను. కళ్ళకి పొర వచ్చిన దగ్గర్నుంచీ, నాలుగేళ్ళుగా, పేపరు నా నోటితోనే వింటున్నావు. నేను చదవంది నీకు లేనట్టే. అది తెలిసే పెట్టాను వేలు.

ఎందుకంటే ఏం చెప్పను? ఒక్కసారి నీ నోరు మూయించాలనిపించింది. మూయించాను. ఇరవై రెండు రోజులు.

ఎండిందా ఇది? ఒక గింజ కొరికి చెప్పరాదూ. ఊఁహూఁ? నేనే చూద్దామంటే కొరకడానికి పళ్ళెక్కడున్నాయి నాకు!

సర్లే. చెప్పులు తీస్తాను, ఉండు. నువ్వు ఆ వైపు తిరగెయ్యి, నేను ఈ వైపు. మాట్లాడకపోయినా ఎండుతాయిలే వడ్లు.