మూడో సీజన్ చూసొచ్చిన డ్రైవరు

కరెంటు గది ముందు బల్లల మీద కూర్చునేవాళ్ళలో డ్రైవరు గారి కోతలు వినని మనిషి లేడు. కరెంటు అంటే ఒంట్లో పుట్టిన గడ్డ మీద పెద్ద మిషనుతో పెట్టే కరెంటు. రోజూ పొద్దున్నే ఆసుపత్రికి రావాలి, పిలిచేదాకా కూర్చోవాలి, లోపలికెళ్ళి కదలకుండా పడుకోవాలి, లేచి ఇంటికి పోవాలి. పడుకునేది కాసేపే, కూర్చునేదే ఎక్కువ. ఆ కూర్చునే సేపంతా ఆయనదే రాజ్యం.

ఆయన బస్సు తోలి తోలి రిటైరైన మనిషి. గడ్డ గొంతులో వచ్చింది. కరెంటు ఎక్కడ పడాలో గుర్తుగా మెడ మీద ఊదారంగు గీతలు గీసి, వీటిని కడగొద్దు, గొంతుకి కాస్త విశ్రాంతి ఇవ్వండి అని రెండు ముక్కలు చెప్పారు. మెడ కడగడం మానేశాడు. మాట్లాడటం మానడం మాత్రం ఆయన తరం కాలేదు. గొంతు బొంగురుపోయి సగం మాటలు గాలిగా వస్తున్నా సరే, చెప్పాల్సిందే.

ఆయన కోతలకి ఒక పద్ధతుంది. ఏ కథా ఒక్కపూటలో ముగించడు. మంచి పట్టు మీద ఉండగా ఆపేసి "మిగతాది రేపు" అనేస్తాడు. ఆ బల్లల మీదే కూర్చునే దర్జీ ఆవిడ ఒకసారి ఈ కరెంటు నావల్ల కాదు, ఇంక రానని ఏడ్చింది. ఆ రోజు ఆయన బస్సులో పులి ఎక్కిన కథ చెబుతూ, పులి టికెట్టు కోసం చెయ్యి చాపిన చోట ఆపేశాడు. మర్నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చుంది ఆవిడే.

అలాంటాయన ఈ రోజు ఒక కథ మొదలుపెట్టి ఈ రోజే ముగించేయాలని గట్టిగా అనుకుని వచ్చాడు. కారణం ఆయనకొక్కడికే తెలుసు. నిన్న ఆయన మెడ మీది గీతలు మళ్ళీ గీయించుకుని, అవి ఆరేదాకా లోపల తెర వెనకాల పడుకుని ఉండగా, తెరకి అవతల పెద్ద డాక్టరు గారు దర్జీ ఆవిడ తమ్ముడితో మెల్లగా అంటున్నారు: "ఈ కరెంటు నొప్పి తగ్గడానికే బాబూ. అంతకుమించి ఆశ పెట్టుకోకండి. ఈ ఏడు దాటడం కష్టం. ఆవిడకి ఇప్పుడే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం." తమ్ముడు ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. డ్రైవరు గారు కదలకూడదు కాబట్టి కదలకుండానే పడుకున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి పోయాయి.

ఆవిడకి ఉన్న సరదా ఒక్కటే, ఫోనులో ఆ గూఢచారి సీరియల్. కుట్టుమిషను తొక్కడానికి కాళ్ళలో సత్తువ లేక పడుకున్నప్పుడల్లా అదే చూసింది. మొన్ననే రెండో సీజన్ అయిపోయింది. మూడోది రావడానికి రెండేళ్ళు పడుతుందట. రాత్రంతా డ్రైవరు గారి బుర్రలో ఆ రెండేళ్ళే తిరిగాయి.

ఈ పొద్దున కరెంటు మిషను మొరాయించింది. బాగుచేసేవాళ్ళు వచ్చారు, కాసేపు పడుతుందన్నారు. ఆవిడ తమ్ముడు మందుల కోసం కింద కొట్టుకి వెళ్ళాడు. మిగిలినవాళ్ళు వరండా చివర టీ బల్ల దగ్గర చేరారు. డ్రైవరు గారు, దర్జీ ఆవిడ, లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు, టీ పోసే ఆవిడ. మాటలు సీరియల్ మీదికే పోయాయి.

"ఆరు భాగాలతో సరిపెట్టారు, మంచిపని చేశారు," అన్నారు మాస్టారు. "మొదటి సీజన్ పది భాగాలు. అందులో సగం ఆ గూఢచారి గడియారాల కొట్లో కూర్చుని నిట్టూర్చడమే. సాగదీసి ప్రాణం తీశారు. ఈసారి ఎక్కడా నస లేదు."

"నస ఉన్నా బావుండేది మాస్టారూ," అంది దర్జీ ఆవిడ. "అప్పుడు మనుషులు కూర్చుని తినేవాళ్ళు, బట్టలు ఆరేసుకునేవాళ్ళు, కొట్టుకునేవాళ్ళు. వాళ్ళింట్లో మనమూ ఉన్నట్టుండేది. ఇప్పుడు ఎవర్ని చూసినా పరుగే. ఆ దొంగల బాసు కూతురు వంటింట్లో కూర్చుని ఎందుకు ఏడ్చిందో చెప్పనే లేదు. బట్ట చాలకుండా కుట్టిన జాకెట్టులా ఉంది, ఎటు పట్టుకున్నా బిగుతే."

"రెండేళ్ళాగితే ఎవరు ఎవరో కూడా మర్చిపోతాం, మళ్ళీ మొదట్నించీ చూడాలి," అంది టీ ఆవిడ.

"అదే కదా నా బాధ. వంతెన మీద బాసు, గూఢచారి ఒకరి మీదొకరు తుపాకులెత్తారు, ఒకటి పేలింది, తెర నల్లబడింది. ఎవరికి తగిలిందో తెలియాలంటే రెండేళ్ళు. అంతవరకూ నేనేం చెయ్యాలి?"

"బట్టలు కుట్టుకోమ్మా."

"కుడతా మాస్టారూ. ఈ కరెంటు అయిపోనీండి, ఇంకో మిషను కూడా వేస్తా," అని నవ్వింది.

డ్రైవరు గారికి ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు. గొంతు సవరించుకున్నాడు.

"తుపాకీ గుండు ఎవరికి తగిలిందో నాకు తెలుసు."

"మొదలెట్టాడు," అన్నారు మాస్టారు.

"మొదలెట్టడమేంటి మాస్టారూ, ఉన్నమాటే. నేను రిటైరైన కొత్తల్లో ఖాళీగా ఉన్నానా, ఒకాయన వచ్చి, అన్నా, మేమొక సీరియల్ తీస్తున్నాం, లైట్లు మోసేవాళ్ళని వంతెన దగ్గర దింపి మళ్ళీ ఎక్కించుకోవాలి అన్నాడు, సరే అన్నాను, అంతే, నేనేమీ గొప్పలు చెప్పుకోవట్లేదు, దింపడం, ఎక్కించుకోవడం. రెండోరోజు ఏమైందో తెలుసా? గూఢచారి వేషం వేసినాయన బస్సు తోలే సీను పడింది. పాపం ఆయన స్టీరింగుని వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. డైరెక్టరు తల పట్టుకున్నాడు. నేను పక్కన నిలబడి, అయ్యా, మీరేమీ అనుకోకపోతే, అన్నాను. వెంటనే ఆయన కోటు విప్పి నాకు తొడిగేశారు."

"ఏ రంగు కోటు అన్నయ్యా?" అంది దర్జీ ఆవిడ.

"బూడిదరంగు."

"ఆయన సన్నటి మనిషి. నీకు భుజాల దగ్గరెలా పట్టింది?"

"పట్టలేదమ్మా. వెనక కుట్టు ఊడదీసి తొడిగారు. కెమెరాకి ముందుభాగమే కదా కావాల్సింది."

"ముందునుంచి అయితే ఆయన మొహమే ఉందిగా అందులో," అన్నారు మాస్టారు.

"అది వేరే మాస్టారూ. వీపు కనబడినప్పుడల్లా నేనే."

"వీపున కుట్టు ఊడదీశారన్నావు ఇప్పుడే."

"మళ్ళీ కుట్టారు."

దర్జీ ఆవిడ టీ పొలమారేదాకా నవ్వింది. ఆ నవ్వుతో డ్రైవరు గారికి ఊపు వచ్చింది. వేణ్ణీళ్ళు ఒక గుక్క తాగాడు.

"ఇంక ఆ నమ్మకంతో మూడో సీజన్ మొత్తం నన్ను పెట్టే తీశారు. ఎప్పుడో అయిపోయింది. సంగీతం అదీ పెట్టుకోవడానికే ఈ రెండేళ్ళు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు గానీ, ఈ గొంతు ఎన్నాళ్ళుంటుందో, దాచుకుని ఏం చేసుకోను?"

"ఒట్టు వేశావుగా, చెప్పకయ్యా. ఒకవేళ నిజమైతే నా సరదా పోతుంది. నేను చూడాలి."

"మీరు చూద్దురుగాని లెండి మాస్టారూ. మీరు చెవులు మూసుకోండి. నేను చెల్లెమ్మకి చెబుతున్నాను."

మాస్టారు నిజంగానే రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. దర్జీ ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది. డ్రైవరు గారు అదేం చూడలేదు, అప్పటికే వంతెన ఎక్కేశాడు.

"తుపాకీ పేలిందా? గుండు ఇద్దరిలో ఎవరికీ తగల్లేదు. సరిగ్గా అప్పుడే వాళ్ళిద్దరి మధ్యకీ నా బస్సు వచ్చింది. గుండు కిటికీలోంచి లోపలికొచ్చి కండక్టరు చిల్లర సంచిలో పడింది. బస్సు నిండా జనం, ఒక్కరికి గీత పడలేదు. గూఢచారి ఎక్కాడు, వెనకాల బాసు కారు, ముందు చూస్తే వంతెన తెగిపోయి ఉంది. ఆగితే దొరికిపోతాం, పోతే నీళ్ళు. అప్పుడేం చేశానో తెలుసా? గేరు మార్చాను. అంతే, బస్సు లేచింది. గాల్లో ఉండగా వెనక సీట్లో ముసలావిడ, నాయనా, నేను ఇక్కడ దిగాలి అంది. ఇక్కడ స్టాపు లేదు పెద్దమ్మా అన్నాను. కింద ఓడ పోతోంది, సుతారంగా దాని మీద దించాను. ఓడ వెళ్ళి వెళ్ళి మంచుకొండని గుద్దబోతోంది, కెప్టెను కాళ్ళు వణుకుతున్నాయి, లే పక్కకి అని నేను కూర్చుని రివర్సు గేరు వేశాను."

"ఓడకి గేరెక్కడిదయ్యా?" అన్నారు మాస్టారు.

"మీరు చెవులు మూసుకున్నారు కదా."

టీ ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గొంతు మండుతున్నా డ్రైవరు గారు ఆగలేదు. మిషను ఏ క్షణాన బాగవుతుందో, ఎవరిని ముందు పిలుస్తారో తెలియదు, ఈలోపు మొత్తం చెప్పేయాలి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓడ వెనక్కి పోయిన వేగానికి సముద్రం రెండుగా చీలిపోయి అడుగున రోడ్డు కనబడింది. నాకు రోడ్డు కనబడితే చాలు కదా, బస్సు దింపేశాను. చేపలన్నీ పక్కకి తప్పుకుని దారిచ్చాయి, ఒక్క తిమింగలం ఇవ్వలేదు, హారన్ కొడితే అదీ తప్పుకుంది. అవతలి ఒడ్డుకి చేరేసరికి ఇంకా తెల్లారలేదు. చీకట్లో బాసు ఎక్కడున్నాడో తెలియడం లేదు. అప్పుడు హెడ్‌లైట్లు ఆకాశంలోకి తిప్పి వేశాను. సూర్యుడు కంగారుపడి, ఆలస్యమైపోయిందనుకుని, పైకి వచ్చేశాడు. ఆ వెలుగులో బాసు మొహం చూసి గూఢచారి ఒక్కసారి ఆగిపోయాడు. ఎవరనుకున్నావు? చిన్నప్పుడు తప్పిపోయిన వాళ్ళన్నయ్య. కూతురు వంటింట్లో ఏడ్చింది అందుకే, ఆ పిల్లకి ముందే తెలుసు. అన్నదమ్ములిద్దరూ తుపాకులు నీళ్ళలో పారేశారు. నేనే ఇద్దరినీ బస్సులో ఇంటి దగ్గర దింపాను. గూఢచారి తలుపు కొట్టాడు. పెళ్ళాం తీసింది. ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగావని ఒక్క మాట అడగలేదు, కాళ్ళు కడుక్కో, తిందువుగాని అంది. అంతే అమ్మా. అయిపోయింది. ఇంక నాలుగో సీజన్ లేదు, ఏమీ లేదు. నువ్వింక దాని గురించి బెంగపెట్టుకోకు."

చెప్పేసి బల్లకి చేరగిలబడ్డాడు. గొంతులో ముళ్ళు గుచ్చుకుంటున్నట్టుంది, అయినా పని పూర్తయిందని ప్రాణం తేలికపడింది. దర్జీ ఆవిడ నవ్వుతుందని చూశాడు. ఆవిడ నవ్వలేదు.

"అన్నయ్యా, మాస్టారి చెవులు మూయించావు. నన్నెందుకు మూసుకోమనలేదు?"

"నువ్వు ఆత్రపడుతున్నావనీ..."

"ఆత్రం మాస్టారికీ ఉంది. ఆయన చూద్దురుగాని అన్నావు. నేను చూడనని నీకెవరు చెప్పారు?"

మాస్టారు చెవుల్లోంచి వేళ్ళు తీశారు. డ్రైవరు గారు ఏదో అనబోయాడు. ఆవిడే అందుకుంది.

"పులి కథ నువ్వు వారం పైన చెప్పావు. ఇంత పెద్ద కథ ఒక్క గ్లాసు టీ తాగేలోపు ముగించావు. నిన్న డాక్టరు గారు మా తమ్ముణ్ణి లోపలికి పిలిచారు. వాడు బయటికొచ్చి, ఏం లేదక్కా, మందులు మార్చారంట అన్నాడు. ఇంటికెళ్ళేదాకా ఏం తింటావక్కా, ఏం కావాలక్కా అని ఒకటే అడగడం. అప్పుడు కూడా నాకు తట్టలేదు. నిన్న నువ్వు లోపలే ఉన్నావు కదూ?"

డ్రైవరు గారు తల దించుకున్నాడు. ఆవిడకి మంచి చేద్దామని వచ్చి ఏం చేశాడో ఇప్పుడు తెలిసింది. తమ్ముడు గుండె రాయి చేసుకుని దాచిన మాటని, తాను నవ్విస్తూ నవ్విస్తూ ఆవిడ చేతిలో పెట్టేశాడు. టీ ఆవిడ స్టవ్వు తగ్గించి అటు తిరిగి నిలబడింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నారు.

కరెంటు గది తలుపు తెరిచి, మిషను బాగైంది, దర్జీ ఆవిడ రావచ్చని కేకేశారు. ఆవిడ లేచింది గానీ అడుగు వెయ్యలేదు. వంగి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"అన్నయ్యా, నీ కోతలు అన్నీ విన్నాను. ఇంకొక్కటి కొయ్యి నాకోసం. అలాంటిదేం లేదమ్మా, నేనేమీ వినలేదు అను. చాలు. నేను నమ్ముతాను."

ఆయన తలెత్తాడు. నోరు తెరిచాడు. ఆవిడ కదలకుండా, ఆయన పెదాల వైపే చూస్తూ నిలబడింది. లోపల్నించి రెండోసారి పిలిచారు. ఎన్ని ఒట్లయినా వేసి ఎంత అబద్ధమైనా చెప్పగలిగిన మనిషి, ఆ చిన్న ముక్క చెప్పలేక, ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు.