మంచులో పోయిన సుబ్బు

మైపాడు ఒడ్డున జయకుమార్ వల బాగుచేసుకుంటున్నాడు. దక్షిణ ధ్రువం వెళ్లే ఓడలో వంటపనికి కుదిరిన ఊరివాళ్లిద్దరిలో తిరిగొచ్చింది అతనొక్కడే. రానివాడు సుబ్బు. సుబ్బు భార్య గంగాభవాని చేపల బుట్ట దించి జయకుమార్ ఎదురుగా కూర్చుంది.

"కాదన్నా, మళ్లీ మొదట్నించి చెప్పు. మా ఆయన ఎట్ట పొయినాడు?"

"ఎన్నిసార్లు చెప్పాల భవానీ? మంచు పగిలింది. లోపలికి పొయినాడు."

"మా అత్తకు తుఫానులో దారి తప్పినాడని చెప్పినావే?"

"దారి తప్పినాకే గదా మంచు పగిలింది."

"టీకొట్టుకాడ ఎలుగుబంటి ఎత్తకపొయిందన్నావంట?"

"అది... ఆ పగిలినకాడికే వచ్చింది."

"ఆ పక్క ఎలుగుబంట్లే ఉండవంట. సబీనా టీచరు చెప్పింది."

"టీచరు పొయ్యొచ్చిందా, నేను పొయ్యొచ్చినానా?"

"నేనూ అదే అడగతుండా. పొయ్యొచ్చినావా?"

"వల చిక్కుపడింది. తర్వాత మాట్లాడదాం."

"ఓడలో వాళ్లందరూ క్షేమంగా వచ్చినారని టీచరు ఫోన్లో చూపించిందన్నా. రేపు కులపెద్దలు నా గాజులు తీయించబోతుండారు. ఈ చేతులు చూసి చెప్పు."

"నువ్వు ఎవురికీ చెప్పవుగా?"

"చెప్పను."

"మద్రాసు హార్బరే దాటలేదు భవానీ. వంటగది ఓడ అడుగున. కిటికీ లేదు, గాలి లేదు. ఒక పక్క ఉల్లిపాయలు ఏగతుండాయి, ఒక పక్క ఓడ ఊగతుండాది. ఇద్దరికీ ఒకటే వాంతులు. దించేసినారు."

"వాంతులా? పడవలో పుట్టి పెరిగినోళ్లకా?"

"గట్టిగా అనబాక. దండలేసి, డప్పులు కొట్టి పంపించినారు గదా, ఏ మొకం పెట్టుకోని వస్తాం? 'కక్కుకున్నోడు అనిపించుకునేదానికన్నా మంచులో పొయినోడు అనిపించుకుంటా, ఊళ్లో అట్టనే చెప్పు' అన్నాడు సుబ్బు."

"నువ్వు మాత్రం వచ్చినావే?"

"ఓడ తిరిగొచ్చేదాకా మద్రాసులోనే కూలి చేసినా. ఆపైన ఉండలేకపొయినా, నాకు ఇంటిమీద బెంగ."

"ఆయనకు లేదా?"

"ఎందుకు లేదు? నీ పేరు చెప్పి బస్టాండులో ఏడ్చినాడు. యాడికి పొయినాడో మాత్రం నాకు తెలీదు, ఒట్టు."

"ఎందుకు దాక్కున్నాడో తెలీకే నిన్ను అడిగినా. యాడుండాడో నాకు తెలుసు."

"తెలుసా?"

"నెల్లూరు ఐసు ఫ్యాక్టరీలో మొకానికి తువ్వాలు చుట్టుకోని, నా ఒక్కదాని బుట్టకే రెండు దోసిళ్లు ఎక్కువ ఐసు పోసేవాడు ఇంకెవురుంటారన్నా?"