భారద్వాజస గోత్రం, భరణీ నక్షత్రం, మినాటో చోచిన్

అది కాదు నళిని ఆంటీ, అలా వేలు చూపిస్తే నాకేం అర్థమవుతుంది చెప్పండి? స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది, కనిపిస్తూనే ఉంది. గోత్రం బాక్సు ఖాళీగా వదిలేస్తే సబ్మిట్ అవ్వదు. సరే. గుర్రానికి గోత్రం నేనెక్కణ్ణుంచి తేను?

ఆఁ, గుర్రమే. సరిగ్గానే విన్నారు.

అసలు మౌనవ్రతం ఉన్న రోజే గుళ్ళో ఫ్రంట్ డెస్క్ డ్యూటీ ఎందుకు వేయించుకున్నారండీ? గురువారం గురువారం మాట్లాడరని మా అమ్మ చెప్పింది. మంచిదే. కానీ న్యూజెర్సీ మొత్తానికీ జనం వచ్చి ప్రశ్నలడిగే కుర్చీ ఇదొక్కటే కదా! ఇందాక ఆ పొడుగాయన రెస్ట్‌రూమ్ ఎక్కడని అడిగితే మీరు చేత్తో ఇలా తిప్పి చూపించారు. పాపం, ఆయన ప్రదక్షిణాలు మొదలెట్టాడు.

నవ్వండి, పర్లేదు. నవ్వు మాటల్లోకి రాదు.

ఆరింటికి గంట కొడతారు, అర్చన మొదలు, మీ మౌనం ఖతం. అంతేగా? అంటే ఇంకా పావుగంటుంది. ఈ పేరు ఆ లోపల లిస్ట్‌లోకి ఎక్కాలి ఆంటీ. ప్లీజ్. ఇవాళే ఎక్కాలి.

పేరు రాసుకోండి. మినాటో చోచిన్. జపాన్‌లో, అక్కడ పైన చలి దేశంలో ఒక ఫామ్ ఉంది, అందులో ఉంటుంది. ఇరవై ఏడేళ్ళు. గుర్రాలకి అది మన ఎనభై లెక్క. మూణ్ణాలుగు రోజులుగా కడుపునొప్పి, మేత ముట్టట్లేదు. నిన్న మాత్రం రెండు పరకలు కొరికింది.

మీకు మొదట్నుంచీ చెప్పాలి. నా ఫోన్‌లో ఒక గేమ్ ఉంది. జపాన్‌లో నిజంగా పరిగెత్తిన గుర్రాల్ని తీసుకుని అమ్మాయిల్లా బొమ్మలు గీశారు. చెవులూ తోకా గుర్రానివే, మిగతాదంతా స్కూల్ పిల్ల. మనం కోచ్ అన్నమాట. వాళ్ళకి ప్రాక్టీస్ చేయించాలి, తినిపించాలి, రేసులకి తీసుకెళ్ళాలి.

అలా చూడకండి. మీ ధృవ్ కూడా ఆడతాడు. అడగండి.

అందులో ఈ చోచిన్ ఒకత్తి. నెత్తిన చిన్న ఎర్ర లాంతరు క్లిప్పు పెట్టుకుంటుంది. గేటు తెరుస్తారా, అందరూ బాణాల్లా వెళ్ళిపోతారా, ఇది మాత్రం నిలబడి జనాన్ని చూస్తుంది. అటు చూస్తుంది, ఇటు చూస్తుంది. ఒకటి, రెండు, మూడు. అప్పుడు "ఆగండి, వస్తున్నా!" అని అరిచి పరిగెడుతుంది. జపనీస్‌లోనే అంటుంది లెండి. నేను తెలుగులో వింటాను.

కల్పించింది కాదు ఆంటీ! నిజం గుర్రం కూడా అంతే. పాత వీడియోలున్నాయి. పంతొమ్మిది రేసులు, పంతొమ్మిదింటిలోనూ గేట్లో నిలబడిపోయింది. జాకీ పైన కూర్చుని ఏడుపు మొహం. జనమేమో చప్పట్లు! చివరి రేసులో అందరికన్నా వెనకనించి వచ్చి మూడోది అయింది. గెలిచిన గుర్రం పేరు ఎవరికీ గుర్తులేదు.

సరే సరే, గోత్రం.

తెలియనివాళ్ళకి కాశ్యప పెట్టేస్తారని నాకూ తెలుసు. కానీ అది ఎవరిదని అడిగితే చెప్పేవాళ్ళు లేనప్పుడు కదా? దీనికి నేనున్నాను. మాదే పెట్టేయండి. భారద్వాజస.

ఏంటా కనుబొమ్మలు? తప్పా? పెంచుకున్న పిల్లకి మన గోత్రం ఇవ్వమా? గేమ్‌లో రెండొందలసార్లు పెంచాను దీన్ని.

నక్షత్రం భరణి. పుట్టిన టైమ్ ఫామ్‌వాళ్ళ పేజీలో ఉంది, పంచాంగం యాప్‌లో కొట్టాను. అశ్విని వస్తుందనుకున్నా, గుర్రం కదా, ఎంత బాగుండేది! ఇరవై నిమిషాల తేడాలో దాటిపోయింది. చూశారా, పుట్టడానికి కూడా లేటే.

పూజ టైపు... వాహన పూజ కాదు ఆంటీ! దాని కాళ్ళ కింద నిమ్మకాయలు పెడతామా ఏంటి? హెల్త్ నొక్కండి. హెల్త్.

మా గేమ్ గ్రూప్‌లో ఒక బ్రెజిల్ కుర్రాడున్నాడు, వాడు చర్చిలో కొవ్వొత్తి వెలిగించాడు. టెక్సాస్ అమ్మాయి వాళ్ళ బామ్మ చేత ప్రార్థన చేయించింది. నేను, వెంకటేశ్వరస్వామి డిపార్ట్‌మెంట్ నాకు వదిలేయండి అన్నాను. మాటిచ్చేశాను ఆంటీ.

నిన్న ఫామ్‌వాళ్ళు వీడియో పెట్టారు. ఒక ముసలాయన గడ్డి చేత్తో పట్టుకుని దాని మూతి దగ్గర పెట్టి ఏదో అంటున్నాడు. నాకు జపనీస్ ఒక్క ముక్క రాదు. కానీ ఆ గొంతు! ఆదివారం ప్రసాదం లైన్లో మీరు పిల్లలతో అంటారే, "ఇంకొంచెం, ఇదొక్కటే, నా బంగారం కదూ" అని, అచ్చం అదే సాగదీయడం. కళ్ళు మూసుకుని వింటే మీరే అనుకున్నా.

అబ్బే, కళ్ళు తుడుచుకోవడాలు వద్దు. బానే ఉంటుంది. ఆ గోడ మీది టీవీ వైపు మాత్రం చూడకండి.

చూసేశారు.

అవును, నేనే. ‘కంగ్రాచ్యులేషన్స్ టు అవర్ గ్రాడ్యుయేట్స్.’ హంసిక, అనుష్క, ఆ తర్వాత నేను. నలభై సెకన్లకోసారి వస్తాను. వచ్చినప్పట్నుంచీ లెక్కపెడుతున్నా. ఈ వచ్చే శనివారానికి మా అమ్మ నా గ్రాడ్యుయేషన్ పూజ స్పాన్సర్ చేసింది, మీ కంప్యూటర్లో ఉంటుంది చూడండి. రుత్విక్ అని కొట్టండి. ఉందా? పులిహోర, చక్రపొంగలి, వందమందికి భోజనం.

ఫోటో బాగుందా? థాంక్యూ. అది హైస్కూల్ టోపీ. నీలం ఉండేది. మా కాలేజీ రంగని ఫోన్‌లో నేనే ఎరుపు చేశాను.

ఎందుకంటే...

ముందు ఒకటి చెప్పండి. ఇందాకట్నుంచి కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంటున్నారు. వాసనే కదా? షూస్ బయట వదిలేసినా ఒంటికి పట్టేస్తుంది. మా అమ్మ అడిగితే బయాలజీ ల్యాబ్ అన్నాను. నవంబర్ నుంచి ల్యాబ్ అంటున్నాను. ఫార్మాలో పనిచేసే మనిషి, ఏ ల్యాబ్‌లో ఈ వాసనొస్తుందని ఒక్కసారైనా అడగాలా వద్దా? అడగదు. నేను చెప్పింది నమ్ముతుంది. అదే ఆంటీ, అదే నాకు...

గుర్రాల వాసన. ఇక్కణ్ణించి అరగంట డ్రైవ్, ఒక గుర్రాల ఫామ్. పొద్దున్నే ఐదున్నరకి వెళ్తాను. పేడ ఎత్తుతాను, గడ్డి వేస్తాను, నీళ్ళు పెడతాను. పదకొండు గుర్రాలు. కళ్ళు మూసుకుని అడుగుల చప్పుడు విని ఏది ఏదో చెప్పేస్తాను. మొన్నొకదాని నడకలో టక్ టక్ కాస్త తేడాగా వినిపించింది. ఓనరమ్మకి చెప్పాను. చూస్తే డెక్కలో రాయి! ఆవిడ నా వైపు చూసిన చూపుంది చూశారూ, మూడేళ్ళ కాలేజీలో ఏ ప్రొఫెసరూ నన్నలా చూళ్ళేదు.

కాలేజీ అక్టోబర్‌లో మానేశాను.

నోరు మూసుకోండి ఆంటీ! అంటే సారీ, అలా కాదు, తెరవకండి అని! ఇంకా ఐదు నిమిషాలుంది, వ్రతం పోతుంది!

ఎవరూ నన్నేం అనలేదు. ఫెయిలూ అవ్వలేదు. క్లాసులో కూర్చుంటే ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఒకరోజు లేచి బయటికి వచ్చాను, మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. అంతే కథ. ఇది మొట్టమొదట మీకే చెబుతున్నా. ఎందుకో చెప్పనా? గురువారం కాబట్టి. తిరిగి ఏమీ అనలేరు కాబట్టి.

ఇప్పుడు రెండు సాయాలు చేయండి. ఒకటి, ఆ స్లైడ్ తీసేయండి. రెండు, శనివారం పూజ చోచిన్ పేరు మీదకి మార్చేయండి. పులిహోర ఎలాగూ జనమే తింటారు, ఎవరి పేరైతే ఏంటి?

ఏం రాస్తున్నారు? పెద్ద అక్షరాలతో రాయండి, నాకు తెలుగు చదవడం స్లో.

‘ముం-దు అ-మ్మ-కి చె-ప్పు.’

అబ్బా. ఆంటీ!

చెప్పకపోతే స్లైడ్ తీయరా? తల అడ్డంగా. పూజ మార్చరా? మళ్ళీ అడ్డంగా. మాట్లాడకుండానే ఇంత గట్టిగా ఉన్నారే, మాట్లాడే రోజుల్లో మీ ఇంట్లో వాళ్ళ పరిస్థితేంటో!

మరి అర్చన? అదైనా పంపండి, అది గుర్రానిది, దానికీ నా చదువుకీ సంబంధం లేదు. పంపారా? ప్రింటర్ చప్పుడు వినపడింది, పంపారు. మీరు దేవత.

ఏంటి, వెనక్కి చూడమంటారా?

ఓ. మా అమ్మ.

శనివారం పూజ సామాన్ల లిస్ట్ పంతులుగారికి ఇవ్వడానికి వస్తానంది, ఏడింటికి అంది. ఎప్పుడూ ముందే వస్తుంది ఈవిడ! కొత్త చీర చూడండి. నా గ్రాడ్యుయేషన్‌కని కొన్నదే, ఆగలేక ఇవాళే కట్టేసింది. నన్ను చూళ్ళేదు. లోపలికి వెళ్ళి స్వామి ముందు నిలబడింది. ఎంత హాయిగా ఉంది మొహం...

చెబుతానాంటీ. చెబుతాను. రేపు. పోనీ ఇవాళే, కార్‌లో. కార్‌లో మొహాలు చూసుకోనక్కర్లేదు కదా.

అదిగో గంట. ఆరయింది. మీరు ఫ్రీ.

ష్, మైక్ ఆన్ చేశారు. గౌరీశంకర్ పంతులుగారు మన కాగితమే పైన పెట్టుకున్నారు. భా-ర-ద్వా-జ-స గోత్రం... భరణీ నక్షత్రం... మి-నా-టో... చో-చిన్! చూశారా, ఒక్క అక్షరం తడబడలేదు మనిషి! టోక్యోలో పుట్టినట్టు చదివేశాడు! ఆంటీ, దాని పేరు స్వామికి వినపడింది. ఇంకేం, గడ్డి తింటుంది. చచ్చినట్టు తింటుంది!

అయ్యో.

మా అమ్మ తల తిప్పింది. మన గోత్రంలో ఈ పేరెవరిదబ్బా అని చూస్తోంది. అటు చూస్తోంది, ఇటు చూస్తోంది. ఇటు...

మీరిప్పుడు మాట్లాడొచ్చు ఆంటీ. ఏదో ఒకటి అనండి. ఏదైనా పని చెప్పండి, ఇక్కడే ఉండిపోతాను.

అనరా? గంట కొట్టాక కూడానా?

సరే. ఈ కాళ్ళు కదలడానికి కొంచెం టైమివ్వండి. ఒకటి. రెండు.

ఆగమ్మా! వస్తున్నా!