అమ్మ కొలతల పుస్తకం

అమ్మ కొలతల పుస్తకంలో నాలుగు కాగితాలు ఎవరో కత్తిరించుకుపోయారని అక్క కనిపెట్టేసరికి, సంస్మరణ సభకు ఇంకా గంటే ఉంది. అమ్మ నలభై ఏళ్లు బట్టలు కుట్టిన ఆ గదిలోనే తమ్ముడు కుర్చీలు తుడుస్తున్నాడు.

“ఒరేయ్, ఈ పుస్తకం ఎవరు ముట్టుకున్నారు?”

“నాకేం తెలుసక్కా! ఎలుకలు కొట్టేశాయేమో.”

“కత్తెర పట్టే ఎలుకలా? సభలో ఇప్పుడేం చదవను?”

“మిగతావి చదువు. అమ్మ గురించి చెప్పాలంటే నీ కూతురి పేజీలే కావాలా?”

“పోయినవి దాని పేజీలని నేను చెప్పానా?”

తమ్ముడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. అక్కకు విషయం అర్థమైపోయింది.

“ఎందుకురా?”

“పదేళ్లప్పటి నా పేజీ చూశావా? ఛాతీ ఇరవై ఆరు, చెయ్యి పదహారు. అంతే!”

“అప్పుడు అమ్మకు ఊపిరి పీల్చుకునే తీరికెక్కడిది?”

“తెలుసు. మరి మనవరాలికో? ‘చంకలో కాస్త వదులు, గోడలెక్కే పిల్ల.’ ‘కొలుస్తుంటే ఒళ్లోనే నిద్రపోయింది, లేపబుద్ధి కాలేదు.’ నా గురించి ఎప్పుడైనా అలా రాసిందా?”

“ఏడేళ్ల మేనకోడలి మీద కుళ్లా? నీకు నలభై దాటాయి, సిగ్గులేదూ?”

“లేదు.”

“చించి పారేశావా?”

“జేబులోనే ఉన్నాయి. నేనే కత్తిరించానక్కా. దాని పేరున్న చోటల్లా నా పేరు పెట్టుకుని, రోజూ చదువుకుంటున్నాను.”