చేతులు కడుక్కునే సింక్ గురించి

2025 మార్చి 11, మంగళవారం. ఎడిసన్, న్యూజెర్సీ.

నా పేరు చెరుకూరి లీలావతి. వయసు డెబ్బై నాలుగు. గుంటూరులో ఒక మహిళా కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ప్రస్తుతం మా అమ్మాయి రాధారాణి ఇంట్లో ఉంటున్నాను. నర్సు ప్రణీత చేతులు శుభ్రం చేసుకోకుండా నా భర్తను ముట్టుకుందనీ, అందువల్లే ఆయనకు ఇన్‌ఫెక్షన్ వచ్చిందనీ రాధారాణి నర్సింగ్ బోర్డుకు ఫిర్యాదు చేసింది. అందులో సాక్షిగా నా పేరు పెట్టింది. నన్ను అడగలేదు. విచారణ గురువారం. ప్రణీత లైసెన్సు పోవచ్చునని విచారణాధికారి ఫోనులో చెప్పారు. అందుకే ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

నా భర్త రాజారావుగారికి తుంటి ఎముక విరిగింది. ఫిబ్రవరి 3న ఆపరేషన్ చేశారు. ఆయనను ఉంచిన గదిలో మంచం తలవైపు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, చేతులు కడుక్కునే సింక్ ఉంది. పగలంతా నేను ఆ గదిలోనే కూర్చునేదాన్ని. ప్రణీత లోపలికి వచ్చినప్పుడు చేతులు శుభ్రం చేసుకునేది, వెళ్లేటప్పుడూ చేసుకునేది. నేను చూశాను. అక్కడ చూడడం తప్ప నాకు వేరే పని లేదు.

ఆయనకు ఆసుపత్రి తిండి సయించలేదు. రాధారాణి మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చి, స్టీలు డబ్బాల్లో చారన్నం, పెరుగన్నం తెచ్చి తినిపించేది. తరువాత ఆ డబ్బాలు ఆ సింక్‌లోనే కడిగేది. మిగిలిన చారు, పెరుగు అందులోనే పోసేది. రెండో రోజే ప్రణీత చూసింది.

“ఆంటీ, ప్లీజ్. ఆ సింక్ ఓన్లీ చేతులకే. ఫుడ్ పోస్తే డ్రెయిన్‌లో బ్యాక్టీరియా పెరుగుతుంది. నీళ్లు చింది తాతగారి మీద పడతాయి. డబ్బాలు నాకివ్వండి, ప్యాంట్రీలో వాష్ చేసి తెస్తాను.”

“అయ్యో, మా ఎంగిలి గిన్నెలు నీతో కడిగిస్తానా? పాపం చుట్టుకుంటుంది.”

“అయితే కడక్కుండా అలాగే తీసుకెళ్లండి.”

“ఎంగిలి డబ్బాలు కార్‌లోనా? మీ అమ్మ నీకేం నేర్పలేదా తల్లీ?”

“మా అమ్మ మీకంటే స్ట్రిక్ట్ ఆంటీ” అని ప్రణీత నవ్వింది. “సింక్‌లో మాత్రం వద్దు.”

మరునాడు రాధారాణి అక్కడే కడిగింది. ఆ మరునాడూ అక్కడే కడిగింది. ప్రణీత కనిపించినప్పుడల్లా చెప్పింది. మా అమ్మాయిది పొగరు కాదు. ఎంగిలి పరాయివాళ్ల చేత తీయించకూడదన్నది మా ఇంటి మర్యాద. ఆ మర్యాదతోనే చేసింది.

ఫిబ్రవరి 12న ఆయనకు చలిజ్వరం వచ్చింది. రక్తంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఉందన్నారు. మామూలు యాంటీబయాటిక్‌లు పని చేయలేదు. చివరి ఆయుధంగా దాచుకునే మందులూ పని చేయలేదు. సింక్ గొట్టంలో పరీక్షిస్తే వేరే జాతి బ్యాక్టీరియా దొరికింది.

“చూశావా అమ్మా, సింక్‌లోది వేరే. నాన్నకి ఇది ఆ పిల్ల చేతుల్లోంచే వచ్చింది” అని రాధారాణి అదే రోజు ఫిర్యాదు పంపింది.

జన్యుపరీక్ష ఫలితం ఆ తరువాత వచ్చింది. డాక్టర్ తేజేశ్వర్ నాకూ, రాధారాణికీ, ఆమె కూతురికీ వివరించారు. మందును విరిచేసే ఎంజైమును తయారుచేయించే జన్యువు బ్యాక్టీరియా ప్రధాన క్రోమోజోములో లేదు. విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయంలో ఉంది. ఒక జాతి బ్యాక్టీరియా ఆ వలయానికి నకలు తీసి మరో జాతికి ఇవ్వగలదు. గొట్టంలో ఉన్న జాతి వేరు, ఆయన రక్తంలో ఉన్న జాతి వేరు. వలయం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే.

“ఎయిర్‌డ్రాప్ లాగా అమ్మమ్మా” అంది నా మనవరాలు నైనిక. “ఫోన్స్ వేరే, ఫైల్ సేమ్.”

రాధారాణి లేచి గదిలోంచి వెళ్లిపోయింది. అప్పటినుంచి నిన్నటిదాకా అన్నానికి పిలవడం తప్ప నాతో మాట్లాడలేదు.

ఆ బ్యాక్టీరియా మేము రాకముందే గొట్టంలో ఉండి ఉండవచ్చు. మా చారు వల్లే పెరిగిందని డాక్టరు అనలేదు, నేనూ అనను. గొట్టంలోంచి ఆయన ఒంట్లోకి ఎలా చేరిందో నేను చూడలేదు. నేను చూసినది ప్రణీత చేతులు. అవి శుభ్రంగా ఉన్నాయి.

ఇన్‌ఫెక్షన్ ఇతరులకు సోకకుండా ఆయనను మార్చిన విడిగదిలోనే ఇంకా ఉన్నారు. ఇప్పుడిచ్చే మందు మూత్రపిండాలను దెబ్బతీస్తోంది. నిన్న కళ్లు తెరిచి ప్రణీత ఏదని అడిగారు. సెలవులో ఉందని చెప్పాను.

ఇకపై జరగవలసినవి:

1. ప్రణీతపై ఫిర్యాదు కొట్టివేయాలి. ఆమెను తిరిగి డ్యూటీలోకి తీసుకోవాలి.

2. సింక్ గొట్టం మార్చి మళ్లీ పరీక్షించేదాకా ఆ గదిలో మరో రోగిని ఉంచకూడదు.

3. ఇంటి భోజనం తెచ్చేవాళ్లకు గిన్నెలు కడుక్కునే చోటు వేరే చూపించాలి. మావాళ్లు వద్దంటే మానరు. చోటు చూపిస్తే అక్కడ కడుగుతారు.

4. దీని నకలు రాధారాణికి పోస్టులో పంపవద్దు. ఆమెకు నేనే చదివి వినిపించాలి.

నేను చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను. ఇది నిజం. చెప్పమని నన్నెవరూ బలవంతం చేయలేదు. చెప్పవద్దని ఈ ఉదయం మా అమ్మాయి నా చేతులు పట్టుకుని బతిమాలింది.

(సంతకం) చెరుకూరి లీలావతి