పదకొండు లైన్ల సానుభూతి

“నల్లా కాడికి ఒక్కడు గూడ రాలే. మీ అమ్మ మూడు దినాలు ఒక్కతే కూసున్నది. గిది అయిపోయిన ముచ్చట. ఇగ నువ్వు చదువు.”

(గుజరాత్‌లోని భేస్తాన్‌లో ఒక అద్దె గది. సోమలింగం సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. కూతురు రుచిత కాలేజీలో చదువుతోంది. రేపు బమ్రోలిలో, వలస వచ్చిన తెలుగు నేతవాళ్ళ సమాజం హాల్లో, ఆమె తెలుగులో వ్యాసం చదవాలి. అతని చేతిలో ఎర్ర పెన్ను ఉంది.)

“బాపూ, నేను బోయర్ యుద్ధం అంటే నువ్వు నల్లా అంటవేంది? ఏడేండ్లసంది రోజూ అదే.”

“చదువు.”

“‘నూట ఇరవై ఏళ్ళ క్రితం దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువాళ్ళు బోయర్ల మీద యుద్ధం చేశారు. బోయర్లంటే హాలండు వైపు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెల్ల రైతులు. వారి నేల కింద బంగారం ఉంది.’”

“బంగారం ముందు రాయాలె. యుద్ధం తర్వాత.”

“సరే, దిద్దు. ‘ఫ్రాన్సు, జర్మనీ, రష్యా దేశాల మేధావులు ఈ సామ్రాజ్యవాదాన్ని ముక్తకంఠంతో ఖండించారు.’”

“అందరా?”

“అందరు కాదు. శానమంది.”

“మరి ముక్తకంఠం ఏంది? కొట్టేయ్. గిసొంటి మాట ఏడ దొరికింది నీకు?”

“ఒక బుక్కుల.”

“పనికిమాలిన బుక్కు. ఖండించి ఏం జేసిండ్రు?”

“వ్యాసాలు రాసిండ్రు. సభలు పెట్టిండ్రు. పేపర్లల్ల బొమ్మలేసి ఇంగ్లీషోళ్ళను ఎక్కిరిచ్చిండ్రు.”

“పోయిండ్రా?”

“ఎటు?”

“ఎటేంది? ఆఫ్రికకు.”

“హా, కొంతమంది పోయిండ్రు బాపూ. తుపాకులు పట్టుకొని.”

“వ్యాసాలు రాసినోళ్ళా?”

“ఎక్కువ... వేరేటోళ్ళు.”

“సభల్ల చాయ్ తాగిండ్రా?”

“అది బుక్కుల లేదు.”

“ఉండదు. తాగే ఉంటరు.”

“జర చదవనియ్! ‘తమ సొంత నేల కోసం పోరాడిన ఆ రైతుల కష్టానికి యూరప్ అంతా కన్నీరు...’”

“ఆగు. తెల్ల రైతులకు ఆఫ్రికల సొంత నేల ఏడికెళ్ళి వచ్చింది?”

“గుంజుకున్నరు.”

“ఎవల తాన?”

“అక్కడి అసలోళ్ళ తాన.”

“మరి మేధావులు అసలోళ్ళ గురించి ఏం రాసిండ్రు?”

“శానమంది ఏం రాయలే.”

“మూడు పేజీలు కొట్టేయ్.”

“అరె బాపూ! మొత్తం ఉన్నయే నాలుగు! రేపే చదవాలె!”

“ఇంకోటి మిగిలింది గదా. దాంట్ల ఏమున్నది?”

“అమ్మ ఉన్నది.”

“...చదువు.”

“‘దూరంగా కూర్చుని ఖండించడమంటే ఏమిటో మా ఇంట్లో తెలుసు. ఏడేళ్ళ క్రితం భేస్తాన్‌లో మా గదుల యజమాని నీళ్ళ నల్లాకు తాళం వేశాడు. మా అమ్మ కొమురవ్వ ఖాళీ బిందె పెట్టుకుని మూడు రోజులు అక్కడే కూర్చుంది. మన సమాజం ఇదే హాల్లో సమావేశమైంది...’”

“శాబాష్! గిది వ్యాసమంటే. బుచ్చిరాములు అధ్యక్షుడు గదా, ముందు కుర్చీలనే కూసుంటడు. ఆని మొఖం జూడాలె. చదువు, చదువు.”

“‘...సోదరి కొమురవ్వ పోరాటానికి సంపూర్ణ సానుభూతి తెలుపుతూ, యజమాని దౌర్జన్యాన్ని ముక్తకంఠంతో ఖండించింది.’”

“గీ మాటలు నీకెవలు చెప్పిండ్రు?”

“బుచ్చిరాములు మామ సమాజం తీర్మానాల బుక్కు ఇచ్చిండు. నువ్వు గుజరాతీ మీడియం పిల్లవు, దీంట్ల తెలుగు మంచిగుంటది, చూసి నేర్చుకో అన్నడు.”

“ఆనికి సిగ్గు లేదు. గిది రాసినోని పేరు గూడ చదువు. స్టేజి మీద. గట్టిగ.”

“పేరు లేదు.”

“ఉండదు. పిరికోడు.”

“దస్తూరి ఉన్నది గద. గుండ్రంగ, ఒక్క కొట్టివేత లేకుంట. ఊరి బడిల బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న దస్తూరి. వారంసంది అదే నా పేపర్ మీద ఎర్రగ కనిపిస్తున్నది.”

“చాయ్ సల్లారింది.”

“ఆ దినం నువ్వేడున్నవ్ బాపూ?”

“పని మీద పోయిన.”

“ఏం పని?”

“సమాజపోళ్ళను పిల్వడానికే పోయిన! నల్లా కాడికి తీసుకొద్దామని. పన్నెండు గంటల డ్యూటీ దిగి అట్నే పోయిన. కుర్చి ఏసిండ్రు. పైన ఫ్యాన్ తిరుగుతున్నది. సోమలింగం, నీ దస్తూరి మంచిది, తీర్మానం నువ్వే రాయి అన్నరు. రాసిన.”

“మూడు దినాలా?”

“ఒక్క దినమే రాసిన. కడమ రెండు దినాలు మంచిగ తిరగరాసిన. యజమానికొక కాపీ, పేపరోళ్ళకొకటి, బుక్కులకొకటి.”

“చాయ్?”

“పోసిండ్రు.”

“అమ్మ ఏమన్నది?”

“ఏమనలే. మూడో దినం మాపటికి తాళం తీయించి, నిండు బిందె తోని ఇంటికొచ్చింది. బిందె దించింది. ఎన్ని లైన్లయినయ్ అని అడిగింది.”

“నువ్వేం చెప్పినవ్?”

“పదకొండు.”

“అంతేనా?”

“అంతే. సచ్చేదాంక మల్ల అడగలే.”

“మరి... నాలుగో పేజీ గూడ కొట్టేయాల్నా?”

“ఎందుకు? తప్పులు లేవు. చదువు. రాసినోని పేరు గూడ పెట్టు. ఇంటిపేరుతోని.”

“బాపూ, నల్లా కాడికి ఒక్కడు గూడ రాలేదని రోజూ అంటవు గద. ఆ ఒక్కడు నువ్వే...”

“బస్. ఇగ ఆ నల్లా ముచ్చట నా నోట ఎన్నడు రాదు. నువ్వడిగినా రాదు.”